ఐదు పేర్లు

దోహాలో టైంకీపర్ ఉద్యోగం పెద్దదేమీ కాదు గాని, దాంట్లో ఉన్నవాడికి అందరి పేర్లూ తెలుస్తాయి. ఇక్రాముద్దీన్‌కు కంపెనీలో పనిచేసే మూడు వందల ఎనభై మంది పేర్లు, వాళ్ల తండ్రుల పేర్లు, అక్కడ పతాకా అనే గుర్తింపు కార్డుల నంబర్లు నోటికి వచ్చు. పొద్దున ఐదున్నరకు అల్ ముంతజా సైటు గేటు దగ్గర మేజా వేసుకుని కూర్చునేవాడు. మనిషి మొహం కనపడగానే మస్టరులో టిక్కు పడేది, నంబరు అడిగే పని లేకుండా.

అతనిది నిజామాబాదు జిల్లా బోధన్. ఉర్దూ మీడియంలో మెట్రిక్ చదివి, ఇంగ్లీషు టైపు నేర్చుకుని, బొంబాయిలో ఏజెంటు ఇంటి ముందు నాలుగు నెలలు పడిగాపులు పడి, 1974లో దోహా చేరాడు. చమురు ధర పెరిగిన ఏడాది అది. ఎటు చూసినా పునాదులు తవ్వుతున్నారు. ఇళ్లు, బళ్లు, ఆఫీసులు, రోడ్లు అన్నీ ఒకేసారి మొదలయ్యాయి. పనివాళ్లకు కొదవ, పనికి కొదవ లేదు.

ఇక్రాముద్దీన్ దస్తూరీ ముత్యాల్లా ఉండేది. క్యాంపులో చదువు రానివాళ్లంతా అతని దగ్గరికే ఉత్తరాలు తెచ్చుకునేవాళ్లు. కోరుట్ల దగ్గరి ఊరి నుంచి వచ్చిన లస్మయ్యకు తెలుగులో రాసిపెట్టేవాడు, భార్య భూమవ్వ రాయించి పంపిన జాబులు చదివి వినిపించేవాడు. గులాం నబీకి ఉర్దూలో రాసేవాడు.

గులాం నబీ పాకిస్తాన్ వాడు, లాహోరు అవతల ఒక చిన్న పట్నం నుంచి వచ్చిన సెంట్రింగ్ మేస్త్రీ. నలభై రెండేళ్లు. గడ్డానికి గోరింటాకు రంగు. ఉర్దూ మాట్లాడినా అందులో పంజాబీ యాస బరువుగా వినపడేది. ఇద్దరూ ఒకే గదిలో, ఎదురెదురు మంచాల మీద మూడేళ్లు ఉన్నారు. వచ్చిన రెండో ఏడు ఇక్రాముద్దీన్‌కు కామెర్లు వచ్చి మంచం పట్టినప్పుడు, డ్యూటీ నుంచి రాగానే చేతులైనా కడుక్కోకుండా అతని నుదురు పట్టి చూసినవాడు గులాం నబీ. మూడు వారాలు జావ కాచి పోశాడు. ఆస్పత్రికి తీసుకుపోవడానికి బండి లేకపోతే ఫోర్‌మన్‌తో కొట్లాడి సిమెంటు లారీ తెచ్చాడు. ఆ సంగతి తన భార్య జకియాకు రాస్తూ ఇక్రాముద్దీన్, "నాకిక్కడ తోడబుట్టినవాడు దొరికాడు" అన్నాడు.

1977 మార్చి నెలలో రెండు దేశాల్లోనూ ఓట్లు జరిగాయి. ముందు పాకిస్తాన్‌లో, తర్వాత పది రోజులకు ఇండియాలో. సాయంత్రం డ్యూటీ దిగి స్నానాలు కాగానే అందరూ గులాం నబీ రేడియో చుట్టూ చేరేవాళ్లు. పాకిస్తాన్‌లో అధికారంలో ఉన్న పార్టీయే తిరిగి గెలిచిందని మొదట వార్త వచ్చింది. అంత మెజారిటీ ఎట్లా వచ్చిందో ఎవరికీ అంతుపట్టలేదు. రెండు వారాల తర్వాత గులాం నబీ తమ్ముడు బర్కత్ అలీ ఉత్తరం వచ్చింది. అతను స్కూలు మాస్టరు. ఎన్నికల డ్యూటీ వేశారు.

ఇక్రాముద్దీన్ ఆ ఉత్తరం పైకి చదివాడు.

"అన్నా, నా బూత్‌లో ఓటు వేసినవాళ్లు నాలుగు వందల పన్నెండు మంది. నా చేత్తో లెక్కపెట్టి రాశాను. పైకి పోయేసరికి అది తొమ్మిది వందలు దాటింది. ఇది నేను రాసింది కాదు అంటే, నీ ఉద్యోగం నీకు కావాలా వద్దా అని అడిగారు. కింద ఉన్నది నా సంతకమేనట. పిల్లలకు లెక్కలు చెప్పే మనిషిని నేను. ఇక బళ్లో ఏ మొహం పెట్టుకుని నిలబడను? ఊళ్లో ఊరేగింపులు మొదలయ్యాయి. నేనూ పోతున్నాను."

గులాం నబీ తల పంకించాడు. "చిన్నప్పటి నుంచీ వాడంతే," అన్నాడు. ఆ మాటలో గర్వం ఉంది, భయం ఉంది.

అదే వారం ఇండియా ఫలితాలు వచ్చాయి. ఢిల్లీలో ప్రభుత్వం ఓడిపోయింది. లస్మయ్య ఆగలేకపోయాడు.

"ఇక్రాం సాబ్, మా దిక్కయితే పాతోల్లే గెలిచిన్రట గని, ఢిల్లీల మాత్రం పడిపోయిన్రట! నసబందీ ఆపరేషన్ చేస్తమని మా ఊరికి జీపులేసుకొచ్చిన్రు కద, అండ్లకెల్లి దిగి ఉరికిచ్చిన్రు కద, ఇగ సూడు!"

గులాం నబీకి తెలుగు రాదు. ఏమంటున్నాడని ఇక్రాముద్దీన్‌ని అడిగి తెలుసుకున్నాడు. కాసేపు రేడియో ముల్లు అటూ ఇటూ తిప్పుతూ కూర్చున్నాడు.

"ఓడిపోయినవాళ్లు దిగిపోయారా? నిజంగానే దిగిపోయారా?" అన్నాడు.

"దిగిపోయారు భాయ్."

"అదృష్టవంతులు," అన్నాడు.

ఏప్రిల్ నెల అంతా రేడియోలో అవే వార్తలు. ఊరేగింపులు, లాఠీలు, కర్ఫ్యూ, కాల్పులు. నెలాఖరుకు ఒక ఉత్తరం వచ్చింది. పైన దస్తూరీ బర్కత్ అలీది కాదు. చదవడం రాని గులాం నబీ అది గుర్తుపట్టలేడు, ఇక్రాముద్దీన్ గుర్తుపట్టాడు. కవరు చింపి ముందు తనలో తాను చదువుకున్నాడు.

"పైకి చదువు," అన్నాడు గులాం నబీ.

"భాయ్, ముందు కూర్చో."

"నిలబడే వింటాను. చదువు."

ఊరేగింపు మీద పోలీసులు కాల్చారు. బర్కత్ అలీ మోకాలిలో తూటా దిగింది. రెండు రోజులు ఆస్పత్రికి పోనివ్వలేదు. తర్వాత కాలు తీసేశారు. మనిషి బతికాడు. రాసింది అతని మేనమామ. చివర, "నీవు అక్కడే ఉండు, నీ జీతం మీదే ఇప్పుడు రెండు ఇళ్లు" అని ఉంది.

గులాం నబీ ఉత్తరం తీసుకుని జేబులో పెట్టుకున్నాడు. మర్నాడు డ్యూటీకి పోయాడు. ఆ తర్వాతి రోజూ పోయాడు. మూడో రోజు మధ్యాహ్నం రొట్టె తింటూ హఠాత్తుగా అన్నాడు.

"ఇక్రాం, ఒక కాగితం రాసిపెట్టాలి."

అతను చెప్పింది ఇదీ. వచ్చే శుక్రవారం నమాజు అయ్యాక మూడు క్యాంపుల్లోని పాకిస్తానీ పనివాళ్లంతా కలిసి తమ ఎంబసీకి నడిచిపోతారు. ఎన్నికలు మళ్లీ పెట్టాలని, కాల్పులు ఎవరు జరిపించారో తేల్చాలని అర్జీ ఇస్తారు.

ఇక్రాముద్దీన్ చేతిలో రొట్టె చేతిలోనే ఉండిపోయింది. "భాయ్, ఇది మన దేశం కాదు. ఇక్కడ పది మంది కలిసి రోడ్డు మీద నడిస్తేనే ఊరుకోరు."

"జెండాలు పట్టుకోం. కేకలు వేయం. నడిచిపోయి కాగితం ఇచ్చి, నడిచి వచ్చేస్తాం. మా తమ్ముడు కాలు ఇచ్చాడు. నేను నాలుగు మైళ్లు నడవలేనా?"

ఇక్రాముద్దీన్ కాదనలేకపోయాడు. ఆ సాయంత్రమే అర్జీ రాశాడు. తన జీవితంలో అంత బాగా ఎప్పుడూ రాయలేదనిపించింది. ఎంబసీ లోపలికి పోయేది ఐదుగురు. వాళ్ల పేర్లు పైన, మిగతావాళ్లవి కింద.

"మొదటి పేరు నాది రాయి," అన్నాడు గులాం నబీ. "అందరినీ పిలిచింది నేను. ఏమన్నా వస్తే ముందు నా మీదికే రావాలి."

నాలుగు రోజుల్లో తొంభై ఆరు మంది వేలిముద్రలో సంతకాలో పెట్టారు. గులాం నబీ ఆ కాగితాన్ని ఇక్రాముద్దీన్ చేతికిచ్చాడు. "శుక్రవారం దాకా నీ పెట్టెలో పెట్టు. నీది ఇండియా. నీ పెట్టె ఎవరూ వెతకరు. నువ్వు తప్ప ఇంకొకరి చేతికి పోకూడదు."

"పోదు," అన్నాడు ఇక్రాముద్దీన్.

మంగళవారం మధ్యాహ్నం క్యాంప్ బాస్ నుంచి కబురు వచ్చింది.

క్యాంప్ బాస్ సుధాకరరావుది కాకినాడ. ఎప్పుడూ ఇస్త్రీ చొక్కాలో ఉండేవాడు. పనివాళ్ల గొడవలు మేనేజరు దాకా పోకుండా తానే సర్దేస్తాడని పేరు. ఇక్రాముద్దీన్‌ని మామూలుగా "ఏమయ్యా ఇక్రాం" అని పిలిచేవాడు. ఆ రోజు లేచి నిలబడ్డాడు.

"రండి ఇక్రాముద్దీన్ గారూ, కూర్చోండి. టీ తాగుతారా?"

ఇక్రాముద్దీన్ కుర్చీ అంచున కూర్చున్నాడు.

"శుక్రవారం మీ వాళ్లు నడుస్తున్నారంట కదా," అన్నాడు సుధాకరరావు. "కంగారుపడకండి. నాకు నిన్ననే తెలిసింది. మూడు క్యాంపుల్లో అనుకుంటున్న మాట నాకు తెలియకుండా ఉంటుందా? పాపం, వాళ్ల బాధ వాళ్లది. మన దేశంలో ఏం జరిగిందో మనం చూశాం కదండీ. ఇరవై నెలలు నోరెత్తలేదు మనం. నాకు వాళ్ల మీద సానుభూతే."

"వాళ్లు గొడవ చెయ్యరు సార్. కాగితం ఇచ్చొస్తరు, అంతే."

"అదే నేనూ అంటున్నాను. కానీ ముందుగా చెప్పకుండా రోడ్డెక్కితే పోలీసులు తొంభై మందినీ లారీల్లో ఎక్కించేస్తారు. నేను మేనేజరు గారితో మాట్లాడాను. ఆయనకు పైన తెలిసినవాళ్లున్నారు. అనుమతి తెప్పిస్తానన్నారు. దానికి ఆ అర్జీ, లోపలికి వెళ్లే వాళ్ల పేర్లు, పతాకా నంబర్లు కావాలంట. మీ దగ్గరే ఉందని విన్నాను."

"నా దగ్గర..." అని ఇక్రాముద్దీన్ ఆగాడు. లేదని చెప్పవచ్చు. చెప్పలేదు. "గులాం నబీని అడిగి చెప్త సార్."

"అడగండి. తప్పేముంది? అయితే ఆయన ఆవేశపరుడు, ఒప్పుకోడు. తమ్ముడి కాలు పోయిన మనిషి కదా. ఆయన మేలు మనమే చూడాలి." సుధాకరరావు సొరుగు లాగి ఏవో కాగితాలు సర్దాడు. "అన్నట్టు, మీ బావమరిది రఫీక్ వీసా సంగతి. ఈ నెలలో పంపే జాబితాలో పెట్టాను. సంతకం ఒక్కటే మిగిలింది."

జకియా తమ్ముడు రఫీక్ రెండేళ్లుగా ఆ వీసా కోసం బోధన్‌లో ఖాళీగా కూర్చున్నాడు. ప్రతి ఉత్తరంలోనూ జకియా ఆ మాటే అడిగేది.

ఇక్రాముద్దీన్ గదికి పోయాడు. అందరూ సైటులో ఉన్నారు. పెట్టె తాళం తీశాడు. అనుమతి వస్తే మంచిదే కదా, తొంభై మంది భయం లేకుండా నడుస్తారు కదా అనుకున్నాడు. గులాం నబీని అడగలేదు. అనుమతి కాగితం తెచ్చి నేరుగా చేతిలో పెడితే ఆశ్చర్యపోతాడు అనుకున్నాడు. ఐదు పేర్ల పక్కనా నంబర్లు చూడకుండానే రాసి, ఆఫీసుకు తీసుకుపోయి ఇచ్చాడు. సుధాకరరావు దాన్ని సొరుగులో పెట్టి తాళం వేశాడు. ఆ చప్పుడు వినగానే ఇక్రాముద్దీన్‌కు తిరిగి ఇవ్వమని అడుగుదామా అనిపించింది. కానీ అడగలేదు.

బుధవారం అడిగితే, "రేపు వచ్చేస్తుందండీ" అన్నాడు సుధాకరరావు.

గురువారం పొద్దున తొమ్మిదింటికి సైటు గేటు ముందు ఒక పోలీసు జీపు, దాని వెనక కంపెనీ పికప్ వచ్చి ఆగాయి. పోలీసు అధికారి పక్కన కంపెనీ తరఫున ఒక లెబనాన్ వాడు దిగాడు. చేతిలో టైపు చేసిన కాగితం ఉంది. ఫోర్‌మన్ ఈల వేసి పని ఆపించాడు.

"గులాం నబీ, ఫజల్ దీన్ కొడుకు."

రెండో అంతస్తు పలకల మీద నిలబడి ఉన్న గులాం నబీ సుత్తి కింద పెట్టాడు. లెబనాన్ వాడు రెండో పేరు చదివాడు. మూడోది, నాలుగోది, ఐదోది చదివాడు. అర్జీలో ఉన్న వరసే. మేజా దగ్గర నిలబడ్డ ఇక్రాముద్దీన్‌కు ఒక్కో పేరూ తాను రాసినట్టే వినపడుతోంది. తర్వాతి పేరు ఏమిటో ముందే తెలుస్తోంది.

ఐదుగురూ దిగివచ్చారు. గులాం నబీ జీపు వైపు పోలేదు. నేరుగా మేజా దగ్గరికి వచ్చాడు.

"కాగితం ఎక్కడుంది?"

"భాయ్..."

"నీ పెట్టెలో ఉందా లేదా?"

"రావు సాబ్ అడిగిండు. అనుమతి తెప్పిస్తనన్నడు. లారీల్లో ఎక్కిస్తరని..."

"నీ చేత్తో ఇచ్చావా?"

ఇక్రాముద్దీన్ తల ఊపాడు.

గులాం నబీ కోప్పడలేదు. కోప్పడితే బాగుండేదని ఇక్రాముద్దీన్ తర్వాత ఎన్నోసార్లు అనుకున్నాడు. అతను ఇక్రాముద్దీన్ మొహంలోకి చూశాడు, ఎక్కడో చూసిన మనిషిని గుర్తుపట్టడానికి చూసినట్టు. "నన్ను అడగొచ్చు కదా," అన్నాడు. "ఎదురు మంచం మీదే ఉన్నాను కదా."

పోలీసు "యల్లా, యల్లా" అని తొందరపెట్టాడు. ఐదుగురినీ ఎక్కించారు. క్యాంపుకు పోయి పెట్టెలు తెచ్చుకోనివ్వలేదు. గులాం నబీ బట్టలు, రేడియో ఇక్రాముద్దీనే సర్దాడు. డ్రైవర్ వచ్చి తీసుకుపోయాడు. ఆ సాయంత్రం విమానంలోనే వాళ్లను కరాచీ పంపేశారు.

మర్నాడు శుక్రవారం. నమాజుకు పోయినవాళ్లు పోయినట్టే తిరిగి వచ్చారు. ఎవరూ ఎక్కడికీ నడవలేదు.

ఇక్రాముద్దీన్ శనివారం పొద్దున్నే ఆఫీసు తలుపు తోసుకుని లోపలికి పోయాడు.

"మీరు అనుమతి అన్నరు సార్."

సుధాకరరావు కాగితాల మీంచి తలెత్తాడు. "కూర్చోవయ్యా ఇక్రాం."

"అనుమతి అన్నరు."

"అనకపోతే ఇచ్చేవాడివా?"

ఇక్రాముద్దీన్ కూర్చోలేదు, తాళం వేసిన సొరుగు వైపు చూశాడు.

"చూడవయ్యా," అన్నాడు సుధాకరరావు, నెమ్మదిగా. "తొంభై ఆరు మంది రోడ్డెక్కితే తొంభై ఆరు మందీ పోయేవాళ్లు. వెనకాల అన్ని కుటుంబాలు. ఐదుగురితో ఆగింది. మిగతా తొంభై ఒక్క మందినీ నువ్వూ నేనూ కాపాడాం. అదేం తెలియనట్టు మాట్లాడతావేం?"

"నేనెవర్నీ కాపాడలేదు. కాపాడమని నన్నెవరూ అడగలే."

"మీ రఫీక్ కాగితం వచ్చింది. తీసుకెళ్లు."

అతను వద్దనలేదు. తీసుకున్నాడు. మూడు రోజులు ఆ వీసా కాగితం అతని దిండు కింద ఉంది. ఎదురు మంచం ఖాళీ. గదిలో మిగిలిన పాకిస్తానీలు ముగ్గురూ వేరే గదికి మారిపోయారు. మెస్‌లో అతను కూర్చుంటే ఆ బల్ల ఖాళీ అయ్యేది. ఒకతను పొద్దున మేజా ముందుకు వచ్చి, "నా పేరు కూడా రాసుకున్నావా ఇవాళ? ఏ కాగితం మీద?" అని అడిగాడు. పక్కనున్నవాళ్లు నవ్వలేదు.

నాలుగో రోజు వీసా తీసుకుపోయి సుధాకరరావు మేజా మీద పెట్టాడు. మస్టరు పుస్తకం కూడా దాని పక్కనే పెట్టాడు. "ఈ పని నాతోని కాదు. వేరే పనివ్వండి, లేకుంటే నన్ను గూడ పంపియ్యండి." మస్టరు రాసే మనిషి దొరకడం కష్టమే గాని, సుధాకరరావుకు ఇక అతను ఎదుట ఉండటం ఇష్టం లేదు. అల్ వక్రాలో కంపెనీ కడుతున్న బడి దగ్గరికి, ఇనుప చువ్వల యార్డుకు పంపాడు.

జకియా నుంచి ఉత్తరం వచ్చింది. "చేతికొచ్చిన వీసా వాపసు ఇచ్చారట. మా తమ్ముడు మీకేం పాపం చేశాడు? అమ్మ మూడు రోజుల నుంచి అన్నం ముట్టడం లేదు. మీరిట్లా చేస్తారని అనుకోలేదు." రఫీక్ వేరుగా ఒక కార్డు రాశాడు. అందులో బావ అన్న పిలుపు లేదు. ఇక్రాముద్దీన్ జరిగింది జరిగినట్టు రాసి పంపాడు. జకియా రెండు నెలలు జవాబు రాయలేదు. రాసినప్పుడు రఫీక్ మాట ఎత్తలేదు.

జూలైలో పాకిస్తాన్‌లో సైన్యం అధికారం తీసుకుంది. తొంభై రోజుల్లో మళ్లీ ఎన్నికలు పెడతామని రేడియోలో చెప్పారు. వక్రా క్యాంపులో కొందరు మిఠాయి పంచారు. ఇక్రాముద్దీన్‌కు ఎవరూ ఇవ్వలేదు గాని, అతనూ లోపల్లోపల సంతోషించాడు. ఓట్లు మళ్లీ జరిగితే గులాం నబీ కోరింది జరిగినట్టే కదా, తన తప్పు కొంతైనా చిన్నదవుతుంది కదా అనుకున్నాడు. అక్టోబరు వచ్చింది. ఎన్నికలు వాయిదా వేశామన్నారు. మళ్లీ ఎప్పుడో చెప్పలేదు.

ఆ వారమే అతను గులాం నబీకి ఉత్తరం రాశాడు. అంతకు ముందు రాసినవి నాలుగు చించేశాడు. సుధాకరరావు ఎట్లా మోసం చేసిందీ, తాను మంచి అనుకునే ఎట్లా ఇచ్చిందీ వివరంగా రాశాడు. మాఫ్ చెయ్యమన్నాడు. చిరునామా వెతుక్కోవలసిన పని లేదు, మూడేళ్లు తనే రాసింది.

నెల తర్వాత జవాబు వచ్చింది. బర్కత్ అలీ దస్తూరీ.

"మీ కవరు చూడగానే మా అన్న పక్కన పెట్టెయ్యమన్నాడు. ఆయన పెట్టెయ్యమన్న దాన్ని నేను తర్వాత చదివాను. ఆయన ఇప్పుడు ఇక్కడే కూలికి మేస్త్రీ పని చేస్తున్నాడు. నా ఉద్యోగం పోయింది. మేము ఎవరి వెనక నడిచామో ఆ పెద్దలు కొందరు ఇప్పుడు సైన్యం వాళ్లతో ఒకే సోఫా మీద కూర్చుని ఫొటోలు దిగుతున్నారు. లెక్క మార్చినవాళ్లు మార్చలేదంటారు. కాల్చినవాళ్లు కాల్చలేదంటారు. మీరు కూడా మోసపోయానని రాశారు. సరే. నేను మాస్టరుని, ఒక్క ప్రశ్న అడుగుతాను. ఆ కాగితం ఇచ్చేటప్పుడు మీకు కొంచెమైనా అనుమానం రాలేదా?"

ఇక్రాముద్దీన్ ఆ ప్రశ్నతో పది రోజులు గడిపాడు. చువ్వలు మోస్తూ, తిండి తింటూ, నమాజులో నిలబడి కూడా అదే. మోసపోయానని ఎవరికి చెప్పినా నమ్మేవాళ్లు. అది అబద్ధం కూడా కాదు. కానీ ఆ రోజు సుధాకరరావు లేచి నిలబడి "గారూ" అన్నప్పుడే తనకు తెలుసు. తనలాంటివాణ్ని క్యాంప్ బాస్ ఊరికే గారూ అనడు. వీసా మాట వచ్చినప్పుడు తెలుసు. గులాం నబీని అడగకపోవడానికి కారణం ఆశ్చర్యపరచాలని కాదు. అడిగితే వద్దంటాడు. వద్దంటే ఇవ్వడం కుదరదు.

పదకొండో రోజు రాశాడు. పొడుగు ఉత్తరం కాదు.

"మాస్టర్ సాబ్, అనుమానం వచ్చింది. ఆ మనిషి నాకు మర్యాద చేసినప్పుడు వచ్చింది, మా బావమరిది వీసా ఎత్తినప్పుడు వచ్చింది, కాగితం సొరుగులో పెట్టి తాళం వేసినప్పుడు వచ్చింది. మూడుసార్లు వచ్చింది, మూడుసార్లూ నేను దాన్ని తోసేశాను. అతను నన్ను మోసం చేసింది నిజం. మీ అన్నను మోసం చేసింది మాత్రం నేనే. ఇది ఆయనకు చదివి వినిపించండి."

పోస్టులో వేశాడు. ఇక ఆ ఇంటి నుంచి ఉత్తరం రాదనుకున్నాడు.

ఫిబ్రవరిలో వచ్చింది. ఆ రోజుల్లో లస్మయ్య కూడా బడి గోడల పనికి వక్రా వచ్చాడు. క్యాంపులో అతనొక్కడే ఇక్రాముద్దీన్‌తో మాట్లాడటం మానలేదు. మధ్యాహ్నం తిండి వేళ ఇద్దరూ చేపల పడవలు ఆగే చోట, గాలి తగిలే గోడ పక్కన కూర్చున్నారు. ఇక్రాముద్దీన్ ఉత్తరం తీసి చదువుకున్నాడు. చదివి అట్లాగే చేతిలో పట్టుకుని కూర్చున్నాడు.

"ఏం రాసిండు సాబ్? మాఫ్ చేసిండా?" అని అడిగాడు లస్మయ్య.

"లేదు."

"మరి తిట్టిండా?"

"తిట్టలే." ఇక్రాముద్దీన్ ఉత్తరం చూస్తూ తెలుగులో చెప్పాడు. "చదివి వినిపించిండట. నడుమ లేచిపోతడనుకున్నడట, పోలేదట. ఆఖరుదాక విన్నడట. ఇగ గింత రాసిండు. 'మా అన్న తర్వాత అన్నాడు, ఇంతమందిలో చేశానని ఒప్పుకున్నవాడు వీడొక్కడే అని. అంతకు మించి రాయమనలేదు. మాఫ్ చేశానని రాయనా అని అడిగాను. వద్దన్నాడు.'"

"గంతేనా?"

"గంతే."

లస్మయ్య మిగిలిన రొట్టెను రెండు ముక్కలు చేసి ఒకటి అతని ముందు పెట్టాడు. "తిను సాబ్. పొద్దుగాల్ల సంది ఏం తినలే నువ్వు."

ఇక్రాముద్దీన్ ఉత్తరం మడిచి చొక్కా జేబులో పెట్టుకున్నాడు. రొట్టె తీసుకున్నాడు గాని నోట్లో పెట్టుకోలేకపోయాడు. కళ్లలో నీళ్లు తిరిగి, ఎదురుగా ఉన్న పడవలు మసకబారాయి. లస్మయ్య అటు తిరిగి కూర్చున్నాడు. బడి దగ్గర ఫోర్‌మన్ ఈల వినపడేదాకా ఇద్దరూ అట్లాగే ఉండి, తర్వాత లేచి పనికి పోయారు.